ఒక్క అక్షరంలో నాలుగు పనులు: డింకా భాష వినడం, రాయడం
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

డింకా అన్నది దక్షిణ సూడాన్‌లోని ఒక జాతికి బయటివాళ్లు పెట్టిన పేరు. ఆ జాతివాళ్లు తమని తాము జియెఙ్ అనీ, ముఒఞ్‌జాఙ్ అనీ చెప్పుకుంటారు. భాష పేరు తువొఙ్‌జాఙ్. ఆ పేర్ల చివర ఉన్న అక్షరం చూశారు కదా, ఙ. ఒకటో తరగతిలో క ఖ గ ఘ ఙ అని వల్లెవేసి, ఆ తర్వాత జన్మలో మళ్లీ ముట్టుకోని అక్షరం అది. ఇవాళ దానికి చేతినిండా పని. (నవ్వులు)

ముందు ఎక్కడి మాటో చెప్పుకుందాం. దక్షిణ సూడాన్ జనాభాలో మూడో వంతుకు పైగా డింకాలే. తెల్ల నైలు బోర్ పట్టణం దాటాక ఒడ్డు తెలియకుండా పరుచుకుపోయి సద్ద్ అనే పెద్ద చిత్తడి నేల అవుతుంది. దానికి చుట్టూ, దాదాపు అర్ధచంద్రాకారంలో, వీళ్ల ఊళ్లు. తూర్పున బోర్ వాళ్లు, రుంబెక్ దగ్గర అగార్, గొగ్రియల్, టొంజ్ వైపు రెక్, అవెయిల్ దగ్గర మలువల్, ఉత్తరాన అబియే దగ్గర ఙొక్, మలకాల్‌కి దగ్గరలో పదాఙ్. ఒక్కో గుంపుది ఒక్కో యాస. బోర్ మనిషి, రెక్ మనిషి ఎదురుపడితే మాట సాగుతుంది. కానీ బోర్ యాసలో అచ్చేసిన పుస్తకం రెక్ పిల్లవాడి చేతిలో పెడితే తడబడతాడు. ఎందుకన్నది చివర్లో తేలుతుంది. చుట్టపు భాషల్లో దగ్గరిది నుయేర్. కాస్త దూరపువి షిల్లుక్, అఞువా, ఉగాండాలోని అచోలి, కెన్యాలోని లువో. అన్నీ పడమటి నైలోటిక్ శాఖవే. ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో బోర్, మలకాల్ వైపు మన సైనికులు పనిచేశారు. మన సైన్యపు పశువైద్యులు కూడా అక్కడ పశువులకు వైద్యం చేశారు. కనుక ఈ పేర్లు విన్నవాళ్లు మన జిల్లాల్లోనూ ఉంటారు.

ఇక భాష. తెలుగులో మాటకి ఏ పని కావాలన్నా చివర తగిలిస్తాం. చేను, చేలు, చేలకు, చేలలోంచి. మాట మొదలు కదలదు, తోక పెరుగుతుంది. డింకాలో తోక దాదాపు లేదు. మాటల్లో ఎక్కువ భాగం ఒకే అక్షరం, అంటే ఒకే అచ్చు, దానికి అటూ ఇటూ హల్లు. ఏకవచనం బహువచనం కావాలన్నా, 'నేను', 'నువ్వు' మారాలన్నా, 'దానితో', 'వాడి కోసం' అనాలన్నా పనంతా ఆ ఒక్క అచ్చు లోపలే జరగాలి. అచ్చు ఒక్కటే, దానికి పనులు నాలుగు: గుణం (ఏ అచ్చు అన్నది), నిడివి, ఊపిరి, స్థాయి (గొంతు హెచ్చుతగ్గులు).

చిత్రమేమిటంటే ఈ నాలుగింటిలో చివరి మూడింటికీ మన పాత వ్యాకరణంలో పేర్లున్నాయి. నిడివికి హ్రస్వం, దీర్ఘం, ప్లుతం. ఊపిరికి అల్పప్రాణం, మహాప్రాణం. స్థాయికి ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం. మనం చదివి పక్కన పెట్టేశాం. డింకా పిల్లలు వ్యాకరణం పేరే వినకుండా వాటన్నిటినీ ఒకేసారి వాడతారు.

ఒక్కొక్కటే చూద్దాం. గుణంలో ఏడు అచ్చులు. మన ఇ, ఎ, అ, ఒ, ఉ అయిదు. ఆపైన రెండు: నోరు కాస్త ఎక్కువ తెరిచిన ఎ, నోరు కాస్త ఎక్కువ తెరిచిన ఒ. తెరిచిన ఎ మనకి పూర్తిగా కొత్త కాదు. కోస్తాలో 'వచ్చాడు' అన్నప్పుడు ఆ 'చ్చా' నిజంగా 'ఆ' కాదు, 'ఏ' కూడా కాదు. రెంటికీ మధ్య ఉంటుంది. దానికి మన లిపిలో అక్షరం లేదు, మనకి లోటూ తెలియదు. డింకాలో మాత్రం ఇలాంటి తేడా తప్పితే మాటే మారిపోతుంది.

నిడివి. తెలుగులో 'పడు', 'పాడు', రెండే. ప్లుతం అంటే దూరంగా ఉన్నవాణ్ని 'ఓ రామా' అని కేకేయడం, అర్థాన్ని మార్చదు. డింకాలో మూడు నిడివులూ అర్థాన్ని మారుస్తాయి. ఒకటే ఉదాహరణ: లెల్, లేల్, లేఏల్. పొట్టిది 'నువ్వు వేరుచేస్తున్నావు'. మధ్యది 'వాడు వేరుచేస్తున్నాడు'. పొడుగుది వేరే క్రియ, 'నువ్వు కవ్విస్తున్నావు'. చుట్టూ ఉన్న ల మారలేదు, ఎ మారలేదు. మారింది అచ్చు ఎంతసేపు నిలిచిందన్నదే. ప్రపంచ భాషల్లో ఇలా మూడు నిడివులు చాలా అరుదు. ఎస్తోనియన్‌ని చెప్తారు కానీ, అక్కడ స్థాయి కూడా సాయం పడుతుంది.

దీన్ని రికార్డు చేసి కొలవాలనుకునేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. 'ఈ మాట అనండి' అని అడిగి, విడిగా అనిపించుకుంటారు. ఏ భాషలోనైనా వాక్యం చివరి మాట దానంతట అదే సాగుతుంది. విడిగా అన్న మాట అంటే చివరి మాటే. పొట్టిది మధ్యదానిలా, మధ్యది పొడుగుదానిలా వినిపించి లెక్క చెడుతుంది. కొలవాల్సిన మాటని ఎప్పుడూ వాక్యం నడుమ పెట్టాలి, అన్ని మాటలకీ అదే వాక్యం వాడాలి, ఒక్కొక్కటి నాలుగైదుసార్లు వరస మార్చి చెప్పించాలి. వరస మార్చకపోతే జాబితా చదివే రాగం వచ్చేస్తుంది. అప్పుడు స్థాయి కూడా పాడవుతుంది.

మూడోది ఊపిరి. మనకి భ, ఘ, ధ లలో ఊపిరి హల్లు విడిచే చోట వస్తుంది. డింకాలో అది అచ్చు పొడుగునా ఉంటుంది. 'అమ్మయ్య' అని నిట్టూరుస్తూ చివరి 'య' వదిలితే వచ్చే గొంతు, దాదాపు అదే. మామూలు గొంతుతో ఒక అచ్చు, ఊపిరి గొంతుతో అదే అచ్చు, ఇవి రెండు వేరు అచ్చులు. రాతలో ఊపిరి అచ్చుకి పైన రెండు చుక్కలు పెడతారు. ఉ ఒక్కదానికే చుక్కలు లేవు. అందుకే ఏడు అచ్చులకి రాతలో పదమూడు అక్షరాలు. ఇరవై హల్లులతో కలిపి వర్ణమాల మొత్తం 33.

నాలుగోది స్థాయి. గొంతు హెచ్చడం, తగ్గడం, హెచ్చి జారడం. యాసని బట్టి ఇవి మూడో నాలుగో. పదమూడు అచ్చులు, మూడు నిడివులు, మూడు స్థాయిలు వేసుకున్నా, ఒక్క అచ్చు చోట 117 తీరులకు వీలుంది. ప్రతి యాసలో అన్నీ దొరక్కపోవచ్చు. తోకలు లేకుండా భాష ఎలా నడుస్తుందన్న ప్రశ్నకి జవాబు మాత్రం ఈ లెక్కలో ఉంది.

ఇప్పుడు ఒక్క వాక్యాన్ని విప్పి చూద్దాం. బోర్ యాసలోది. ఆయెన్ అచమ్ చ్వీన్ నె పాల్. ఆయెన్ ఒక అమ్మాయి పేరు. 'అ' ముందు తగిలింది, 'చమ్' తినడం, 'చ్వీన్' తిండి, 'నె' అంటే తో, 'పాల్' కత్తి. మన పాలు కాదు, పొరపడకండి. పాలని వాళ్లు 'చా' అంటారు, అది వింటే మనకి టీ గుర్తొస్తుంది. (నవ్వులు) ఆయెన్ కత్తితో తిండి తింటోంది, అంతే.

తెలుగులో దీన్ని ఎలాగైనా తిప్పొచ్చు. 'తిండి ఆయెన్ కత్తితో తింటోంది', 'కత్తితో ఆయెన్ తిండి తింటోంది'. 'తో' కత్తిని అంటిపెట్టుకుని ఉంటుంది గనక గందరగోళం రాదు. డింకాలో కూడా దేన్ని గురించి మాట్లాడుతున్నామో దాన్ని ముందుకి తేవచ్చు, క్రియ మాత్రం రెండో చోటు వదలదు. తిండిని ముందుకి తెస్తే ఇలా అవుతుంది: చ్వీన్ అచేమ్ ఆయెన్ నె పాల్. 'చమ్' కాస్తా 'చేమ్' అయింది. అచ్చు మారింది, పొడుగైంది, ఊపిరి వచ్చింది, గొంతు హెచ్చింది. ముందున్నది తినేవాడు కాదు, తినబడేది అని ఆ అచ్చే చెప్తోంది. మరి కత్తిని ముందుకి తెస్తే? పాల్ అచేమ్ ఆయెన్ చ్వీన్. ఈ 'చేమ్' వేరు, ఇది నోరు తెరిచిన ఎ, ఊపిరి లేదు. 'నె' ఏమైంది? మాయమైంది. 'తో' చేయాల్సిన పని క్రియలోని అచ్చులోకి వెళ్లిపోయింది.

ఇంకా ఉంది. మొదటి వాక్యంలో ఆయెన్ అన్న పేరు తగ్గి హెచ్చుతుంది. తర్వాతి రెండిట్లో హెచ్చి తగ్గుతుంది. క్రియ తర్వాత వచ్చిన కర్త స్థాయి మారుతుంది. ఆ మార్పే దానికి ప్రథమా విభక్తి. త్వష్ట కథ మీకు తెలుసు. 'ఇంద్రశత్రు' అన్న మాటలో స్వరం తప్పి, ఇంద్రుణ్ని చంపేవాడు పుట్టాల్సింది ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు పుట్టాడు. ఎవరు చంపేవాళ్లు, ఎవరు చచ్చేవాళ్లు అన్నది స్వరం తేల్చింది. వేదపాఠానికి వెలుపల మనకి అది కథ. డింకాలో రోజూ అన్నం దగ్గర జరిగే పని.

నామవాచకాలకి వద్దాం, ఇది కొత్తగా నేర్చుకునేవాళ్ల నడుం విరిచే చోటు. చేను 'డొమ్', చేలు 'డుమ్'. పిల్ల 'మెత్', పిల్లలు 'మిత్'. ఆహా సూత్రం దొరికింది, నోరు మూస్తే బహువచనం అనుకుంటాం. తర్వాతి మాటకే అది చెల్లదు. కొన్నిట్లో నిడివి మారుతుంది, కొన్నిట్లో ఒట్టి స్థాయి, కొన్నిట్లో ఊపిరి, చాలా వాటిలో ఇవన్నీ కలగలిసి. కొన్నిటికి బహువచనమే పొడుగు, కొన్నిటికి ఏకవచనమే పొడుగు. వందల మాటలు వరసగా పెట్టి చూసినా ఏకవచనాన్ని బట్టి బహువచనం చెప్పగల సూత్రం దొరకలేదు. ఇక బాగా వాడుకలో ఉన్న మాటలైతే పూర్తిగా వేరు: మనిషి 'రాన్', మనుషులు 'కొచ్'. ఆడమనిషి 'టిక్', ఆడవాళ్లు 'డియార్'. మగవాడు 'మొచ్', మగవాళ్లు 'రోర్'. ఆవు 'వెఙ్', ఆవులు 'గొక్'. ఈ గ మన గ కాదు. హైదరాబాదులో ఉర్దూ బాగా వచ్చినవాళ్లు 'గజల్' అన్నప్పుడు గొంతులో ఒరుసుకుంటూ వచ్చే గ.

మాట పక్కన విశేషణమో, ఎవరిదో చెప్పే మాటో చేరితే మళ్లీ రూపం మారుతుంది. చివరి హల్లు తన వర్గంలోని అనునాసికం అవుతుంది. క అయితే ఙ, త అయితే న. నోరు 'తొక్'. భాషకీ అదే మాట. డింకాల నోరు అనాలంటే తొక్ కాస్తా 'తువొఙ్' అవుతుంది, తువొఙ్‌జాఙ్. మొదట్లో చెప్పిన భాష పేరు అలా వచ్చింది. పిల్ల 'మెత్', ఫలానావాళ్ల పిల్ల అంటే 'మన్'. వర్గాక్షరాల వరస గుర్తున్న తెలుగువాళ్లకి ఇది ఇంగ్లీషువాళ్లకన్నా తేలిక.

పశువుల మాట లేకుండా డింకాల గురించి చెప్పడం కుదరదు. మే నుంచి అక్టోబరు, నవంబరు దాకా వానలు. అప్పుడు మెరక మీది ఊళ్లలో జొన్న పండిస్తారు. ఎండలు ముదిరితే పశువుల్ని 'టొయిచ్' అనే వరద మైదానాలకు తోలుకెళ్లి మంద వేస్తారు. మందని 'వుట్' అంటారు. అక్కడ రోజూ జరిగే పనుల్లో ముఖ్యమైంది పేడ పని. పొద్దున్నే పేడ ఎత్తి పలచగా పరిచి ఎండబెడతారు, సాయంత్రానికి కుప్పలు చేసి నిప్పంటిస్తారు. మంట రాకూడదు, పొగ రావాలి. పేడ సరిగా ఎండకపోతే నిప్పు అంటుకోదు. మరీ విడిగా పోస్తే భగ్గున మండి అర్ధరాత్రికే ఆరిపోతుంది. పొగ తెల్లవార్లూ ఉంటేనే దోమలు రావు. మిగిలిన బూడిద పశువుల ఒంటికీ మనుషుల ఒంటికీ రాస్తారు, పళ్లు కూడా దానితోనే తోముతారు. ప్రతి పశువుకీ తన గుంజ ఉంటుంది, సాయంత్రం దాని దగ్గరికే వచ్చి నిలబడుతుంది. పాలు పితికేది ఆడవాళ్లు, పిల్లలు. నుదుట గాట్లు పెట్టించుకుని పెద్దవాడైన మగవాడు ఇక పాలు పితకడు.

ఈ మందలో పుట్టిన మాటలే మనుషుల పేర్లు. మన రైతులు కర్రి, బొల్లి, మైల, పుల్ల అని పశువు రంగు చెప్తారు. డింకాలు రంగుతో పాటు మచ్చ ఎక్కడ పడిందో కూడా ఒక్క మాటలో చెప్తారు, ఎక్కువగా ఏదో పక్షితోనో జంతువుతోనో పోల్చి. పోతు, ఎద్దు అయితే ముందు 'మ', ఆవు అయితే 'అ'. తెల్లది మబియొర్. ఎర్రది మలువల్. నలుపు తెలుపు కలిసింది మజొక్. మొసలి ఒంటి చారల్లా ఉన్నది మఞాఙ్, 'ఞాఙ్' అంటే మొసలి. నల్ల ఒళ్లు, తెల్ల తల ఉన్నది చేపల గద్దని బట్టి మకుయెయ్. గోధుమరంగుది ఎద్దు అయితే మయెన్, ఆవు అయితే ఆయెన్. ఇందాక కత్తితో తిండి తిన్న అమ్మాయి పేరు అక్కడిదే.

దక్షిణ సూడాన్ నాయకుడు జాన్ గరఙ్ డె మబియొర్ (1945–2005) పేరు చివర ఉన్నది తెల్ల ఎద్దు. అధ్యక్షుడు సల్వా కీర్ మయార్‌డిట్ పేరు చివరి 'డిట్' అంటే పెద్ద. అన్ని పేర్లూ పశువులవే అనుకోకండి. డెఙ్ అంటే వాన. కవలల తర్వాత పుట్టినవాడు బొల్. ఎత్తయిన బాస్కెట్‌బాల్ ఆటగాడు మనూట్ బొల్ పేరులోది అదే మాట. వీళ్లకి ఇంటిపేరు ఉండదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు వరసగా చెప్తారు. పాస్‌పోర్టులో 'ఇంటిపేరు' గడి ముందు తెలుగువాళ్లు పడే తంటా వీళ్లకి ఇంకో రకంగా ఉంటుంది. ఒకే తండ్రి బిడ్డలకి ఒక చోట తండ్రి పేరు, ఇంకో చోట తాత పేరు ఇంటిపేరుగా పడిపోతుంది.

ఇక రాత. 1850ల్లో తెల్ల నైలు మీదకి వచ్చిన కాథలిక్ మిషనరీలు మాటలు సేకరించడం మొదలుపెట్టారు. ఆ సామగ్రితో మిటరుట్స్‌నర్ అన్న పాద్రీ 1866లో ఆస్ట్రియా సామ్రాజ్యంలోని బ్రిక్సెన్‌లో వ్యాకరణం, పదకోశం అచ్చేశాడు. ఇప్పటి రాతకి పునాది పడింది 1928లో, జుబా దగ్గరి రెజాఫ్‌లో జరిగిన భాషా సమావేశంలో. డింకాతో పాటు నుయేర్, షిల్లుక్, బారి, లటుకో, జాండే భాషలకి రోమన్ లిపి ఖాయం చేశారు. రోమన్‌లో లేని నాలుగు గుర్తులు చేర్చారు: తెరిచిన ఎ, తెరిచిన ఒ, ఙ, గొంతులోని గ. 2011 రాజ్యాంగం దేశంలోని భాషలన్నీ జాతీయ భాషలే అంది, చదువు మాత్రం ఇంగ్లీషులోనే అంది.

ఈ రాతలో పెద్ద లోటు ఒకటుంది. స్థాయికి గుర్తు లేదు. నిడివికి ఒక అక్షరమా, రెండు అక్షరాలా అన్న రెండే మెట్లు, నోట్లో ఉన్నవి మూడు. అంటే అక్షరంలోని నాలుగు పనుల్లో ఒకటిన్నర కాగితం మీదకి రాదు. తన యాస చదివేవాడు వాక్యం చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చి సరిచేసుకుంటాడు. పక్క యాసవాడికి అదీ కుదరదు, తన యాసలో ఆ అచ్చే వేరు కావచ్చు. రెక్ పిల్లవాడి తడబాటు ఇదే. మన పాత శాసనాల్లో ఎ, ఏ లకి, ఒ, ఓ లకి తేడా రాయలేదు, అయినా చదువుకున్నాం అని మీరనొచ్చు. మనకి వెనక విభక్తులున్నాయి, అవి దారి చూపిస్తాయి. అచ్చునే నమ్ముకున్న భాషకి అచ్చులో సగం రాయకపోతే కష్టం. స్థాయి గుర్తులు పెట్టాలనే నా అభిప్రాయం, అన్ని మాటల మీదా కాదు, తికమకపడే చోట మాత్రమే.

కంప్యూటరులో ఇంకో చిక్కు. చుక్కల అచ్చుల్లో నాలుగు, అంటే అ, ఎ, ఇ, ఒ లవి, జర్మన్, ఫ్రెంచ్ లాంటి భాషల పుణ్యమా అని యూనికోడ్‌లో ఒక్కొక్కటి ఒకే గుర్తుగా ఉన్నాయి. తెరిచిన ఎ, తెరిచిన ఒ లకి చుక్కలు కావాలంటే అక్షరం విడిగా, చుక్కలు విడిగా రెండు గుర్తులు టైపు చేయాలి. కొన్ని ఫాంట్లలో చుక్కలు పక్క అక్షరం మీదకి జారిపోతాయి. తొందరలో గ్రీకు ఎప్సిలాన్, గ్రీకు గామా పెట్టేవాళ్లున్నారు. కంటికి ఒకేలా ఉంటాయి, వెతికితే మాట దొరకదు. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన ఫైలులో మాట వెతికినవాళ్లకి ఈ బాధ చెప్పక్కర్లేదు. పని మొదలుపెట్టే ముందే డింకా కీబోర్డు పెట్టుకుని, ఫైలంతా ఒకే పద్ధతిలో ఉందో లేదో చూసుకోవాలి. వెయ్యి మాటలయ్యాక సరిచేయడం నరకం.

తెలుగులో వీళ్ల పేర్లు రాసే విలేకరులకి ఒక మాట. డింకా రాతలో 'టీహెచ్' కనిపిస్తే థ రాయకండి, అది మన త. 'డీహెచ్' మన ద. ఒట్టి 'టీ', 'డీ' పళ్ల వెనక చిగురు మీద పలుకుతాయి, మన ట, డ లకి దగ్గర. 'సీ' ఎప్పుడూ చ, క కాదు. మొదట 'ఎన్‌వై' ఉంటే ఞ. ఆ అమ్మాయి ఞాన్‌డెఙ్, న్యాండెంగ్ కాదు. స, శ, హ, ఫ వీళ్లకి లేవు. అరువు మాటల్లోని స, చ గానో త గానో మారుతుంది.

ఇంక నేర్చుకోవాలనో, పదకోశం చేయాలనో ఉన్నవాళ్లకి. ముందు ఒక యాస తేల్చుకోండి, రెండు కలపొద్దు. ప్రతి నామవాచకానికీ ఒక చీటీ. ఏకవచనం, బహువచనం, పక్కన మాట చేరినప్పటి రూపం, ఈ మూడూ ఉండాలి. మెత్, మిత్, మన్ అన్నట్టు. మూడిట్లో ఏది వదిలినా తర్వాత ఊహించి పూరించలేరు. ప్రతి రూపానికీ నిడివి మూడిట్లో ఏది, ఊపిరి ఉందా లేదా, స్థాయి ఏది అన్నది రాయండి. క్రియ అయితే కర్త ముందున్నప్పుడు, కర్మ ముందున్నప్పుడు, 'తో' లాంటిది ముందున్నప్పుడు, మూడు వాక్యాలు పూర్తిగా రాయండి. చెప్పిన మనిషిది ఏ ఊరో రాయండి. చీటీ మీద రికార్డింగు నంబరు వేయండి. అది లేని చీటీలో స్థాయి తప్పు పడితే దాన్ని దిద్దుకోవడానికి మళ్లీ ఆ మనిషినే వెతుక్కుంటూ పోవాలి.